చెరువా, మడా? ఏరియల్ ఫోటోని చదవడం ఎలా

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దాటి నౌపడ మీదుగా సముద్రం వైపు పోయే నేలని పైనుంచి తీసిన ఫోటోలో చూస్తే ఎటు చూసినా గళ్ళే. వాటిలో కొన్ని వరి మళ్ళు, కొన్ని ఉప్పు మళ్ళు, కొన్ని రొయ్యల చెరువులు, ఇంకొన్ని ఏమీ పండక వదిలేసిన తంపర (చిత్తడి) భూములు. నేల మీద నిలబడితే ఏది ఏదో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు కానీ ఫోటోలో మాత్రం బాగా చదువుకున్నవాళ్ళు కూడా తడబడతారు, ఎందుకంటే మన కంటికి అలవాటైంది పక్కనుంచి చూడటం, చెట్టంటే మానుతో సహా చెట్టు, గుడంటే గోపురం. పైనుంచి చూస్తే మాను ఉండదు గోపురం ఉండదు, చెట్టు తల, ఇంటి కప్పు, వాటి నీడ, అంతే మిగిలేవి. పైగా రంగులు కూడా మనకి తెలిసిన రంగుల్లా ఉండవు.

ఇప్పుడు ఫోన్ లో గూగుల్ ఎర్త్ ఉంది, ఇస్రో వాళ్ళ మ్యాపుల సైట్ భువన్ ఉంది, ఊళ్ళో భూముల రీసర్వేకి డ్రోన్ లు వచ్చి వెళ్ళాయి. ఫోటోలు అందరి చేతిలోకి వచ్చేసాయి గానీ వాటిని చదివే పద్ధతి మాత్రం రాలేదు. 1966లో డచ్ వాళ్ళ సాయంతో డెహ్రాడూన్ లో ఫోటో ఇంటర్‌ప్రెటేషన్ కోసమే, అంటే ఇలాంటి ఫోటోలు చదవడం కోసమే, ఒక సంస్థ పెట్టారు, ఇప్పుడు దాన్నే ఐఐఆర్ఎస్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్) అంటున్నాం. అక్కడ అడవులవాళ్ళకి, జియాలజీవాళ్ళకి నేర్పించే మొదటి పాఠాలు పెద్ద లెక్కలేమీ కాదు, పొలం గట్టున తిరిగిన ఎవరికైనా అర్థమయ్యేవే. అవి ఇక్కడి నేల మీద పెట్టి చూసుకుంటే ఇంకా తొందరగా పట్టుబడతాయి.

నౌపడ గళ్ళ దగ్గరే మొదలుపెడదాం. ఉప్పు మడి, రొయ్యల చెరువు రెండూ నలుచదరంగానే ఉంటాయి, రెండూ ఉప్పునీటి కాలవ పక్కనే ఉంటాయి, రెండింట్లోనూ నీళ్ళే. ఆకారం చూసి తేల్చలేం, ఉన్న చోటు చూసీ తేల్చలేం. అప్పుడు సైజు చూడాలి, ఉప్పు మళ్ళు చిన్నవి, వరసగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, రొయ్యల చెరువు ఒక్కటే చాలా ఉప్పు మళ్ళంత ఉంటుంది. తర్వాత టోన్, అంటే ఎంత నల్లగా ఎంత తెల్లగా ఉందనేది. ఉప్పు మడిలో నీరు లోతు తక్కువ, ఒక్కో మడిలో ఒక్కో దశలో ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి పక్కపక్క మళ్ళే ఒకటి ముదురుగా ఒకటి లేతగా ఒకటి పూర్తి తెల్లగా కనబడతాయి. రొయ్యల చెరువులు లోతు, అన్నీ ఇంచుమించు ఒకే ముదురు ఆకుపచ్చలో ఉంటాయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుంటే నీటి మీద తెల్ల నురగ చుక్కలు వరసగా కనిపిస్తాయి. ఉప్పు మళ్ళ గట్ల మీదైతే తెల్లటి కుప్పలు, ఆ కుప్పల పక్కనుంచి లారీ పోయే బాట. చెరువుల గట్లేమో లావు, ఒక మూల మోటారు షెడ్డు, దానికి కరెంటు స్తంభాల వరస.

ఈ ఒక్క ఉదాహరణలో దాదాపు మొత్తం విద్య ఉంది. ఆకారం, సైజు, టోన్, నీడ, టెక్స్చర్, ప్యాటర్న్, ఉన్న చోటు, పక్కన ఏమున్నాయనేది, ఈ గుర్తులన్నీ పుస్తకాల్లో వరసపెట్టి రాస్తారు కానీ అసలు సంగతి ఆ వరసలో లేదు. ఏ గుర్తూ ఒక్కటే చాలదు, మూడు నాలుగు గుర్తులు ఒకే మాట చెప్తే అప్పుడే నమ్మాలి, ఒక్కటి అడ్డం తిరిగినా ఆగి మళ్ళీ చూడాలి, అదీ అసలు సంగతి. బాగా చదివేవాళ్ళకీ తొందరపడేవాళ్ళకీ తేడా ఇక్కడే వస్తుంది. తొందరపడేవాళ్ళు నీలంగా ఉంది కాబట్టి చెరువు అనేస్తారు. చదవడం వచ్చినవాళ్ళు చెరువైతే గట్టేది, తూమేది, కింద ఆయకట్టేది అని వెతుకుతారు.

నీళ్ళని గుర్తుపట్టడం సులువనుకుంటాం గానీ బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో ఎక్కువ మోసం చేసేవి నీళ్ళే. తేటగా నిలిచిన నీరు నల్లగా వస్తుంది, వరదలో బురద కలిసిన నాగావళి నీరు లేత బూడిద రంగులో వస్తుంది, సూర్యుడి వెలుగు నీటి మీద పడి నేరుగా కెమెరాలోకి తిరిగితే అదే నీరు తెల్లగా మెరుస్తూ వస్తుంది. తడిసిన మట్టి కూడా ముదురుగానే ఉంటుంది కాబట్టి నిన్న వానపడిన దుక్కి, నీళ్ళున్న కుంట ఫోటోలో పక్కపక్కనే ఒకేలా ఉండొచ్చు. అందుకే ఒక ఫోటోలో నేర్చుకున్న టోన్ ఇంకో ఫోటోకి పనికిరాదు, కెమెరా వేరు, వెలుగు వేరు, తేదీ వేరు.

తేదీ దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే ఫోటో చదవడంలో అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోకుండా వదిలేసేది ఇదే, అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఏరియల్ ఫోటో అంటే ఒక రోజు, ఆ రోజులో ఒక క్షణం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చిన్న చెరువులు, బందలు ఎన్నో ఉన్నాయి, వానలకి నిండుతాయి, ఏప్రిల్ మే వచ్చేసరికి చాలావాటిలో గడ్డి మొలుస్తుంది లేకపోతే నెర్రెలు తీసిన మట్టి మిగులుతుంది. విమానాలు, డ్రోన్ లు ఎగిరేది మబ్బులు లేని రోజుల్లో, అంటే ఎక్కువగా సంక్రాంతి పండగ దాటాక, ఎండాకాలంలో. కాబట్టి ఫోటోలో బంద బందలా కనబడే అవకాశమే తక్కువ, బీడు భూమిలాగో మెట్ట పొలంలాగో కనిపిస్తుంది. హైదరాబాద్ లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు దాన్ని పొలం అని గీసేస్తే తప్పు వాళ్ళదని కూడా అనలేం, ఆ రోజు అక్కడ నీళ్ళు లేవు మరి. ఆ ఊరి రైతుని అడిగితే "ఇది మడి కాదు బాబూ, బంద, ఆగస్టులో వచ్చి చూడు" అంటాడు.

మరి నీళ్ళు లేని చెరువుని ఫోటోలో ఎలా పట్టుకోవాలి? నీటిని వెతక్కూడదు, గట్టుని వెతకాలి. మన వైపు చెరువు గట్టు పల్లం వైపు వంపు తిరిగి ఉంటుంది, రెండు చివర్లూ మెరకలోకి వెళ్ళి కలిసిపోతాయి. ఆ గట్టు మీద తాటిచెట్ల చుక్కలు వరసగా ఉంటాయి, గట్టు మధ్యలో ఒకటో రెండో చోట్ల తూము, అక్కడనుంచి కిందికి సన్న కాలవ, ఆ కాలవ పట్టుకుని వరి మళ్ళు. ఒక చివర నీరు పొర్లిపోవడానికి కలుజు. గట్టుకి పై వైపు, అంటే చెరువు గర్భంలో, పొలాల గట్లు ఉండకూడదు. ఒకవేళ అక్కడ తిన్నటి కొత్త గట్లు కనిపిస్తే అది మొదటినుంచీ ఉన్న పొలం కాదు, చెరువులోకి జరుగుతూ వచ్చిన పొలం. గూగుల్ ఎర్త్ లో పాత తేదీల ఇమేజ్ లు వెనక్కి జరిపి చూసుకునే వీలుంది, ఏ ఏడు ఏ గట్టు కొత్తగా వచ్చిందో చాలా చెరువుల్లో అలా చూడొచ్చు, ఇది ఊరిలో ఎవరైనా చెయ్యగలిగిన పనే.

ఇక కొలతలు. ఏ వస్తువైనా ఎంత పెద్దదో తెలియకుండా పేరు పెట్టకూడదు. పాత సర్వే కెమెరాల్లో సాధారణంగా 152 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (లెన్స్ కి ఫిల్మ్ కి మధ్య దూరం) ఉన్న లెన్స్, 23 సెంటీమీటర్ల చదరపు ఫిల్మ్. నేలకి 1520 మీటర్ల ఎత్తునుంచి తీస్తే స్కేల్ 1:10,000 వస్తుంది, ఫోకల్ లెంగ్త్ ని ఎత్తుతో భాగిస్తే చాలు. అంటే ఫోటోలో సెంటీమీటరు నేల మీద 100 మీటర్లు, ఒక్క ఫోటోలో 2.3 కిలోమీటర్లు అటూ ఇటూ పడుతుంది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు సుమారు 8 మీటర్ల ఎడంలో వేసి ఉంటే ఈ స్కేల్ లో ఆ ఎడం మిల్లీమీటరు కూడా ఉండదు, చెట్లు లెక్కపెట్టాలంటే కళ్ళు పోతాయి. అదే 1:4,000లో 2 మిల్లీమీటర్లు వస్తుంది, భూతద్దంతో ఒక్కో చెట్టూ తెలుస్తుంది. స్కేల్ తెలియని ఫోటో దొరికితే అందులో కొలత తెలిసిన వస్తువుని పట్టుకోవాలి, బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1.676 మీటర్లు ఎక్కడైనా మారదు, స్కూలు గ్రౌండ్ లో సిమెంటు క్రికెట్ పిచ్ ఉంటే వికెట్ల మధ్య 20.12 మీటర్లు.

సైజు ఎంత ముఖ్యమో చెప్పడానికి రెండో ప్రపంచ యుద్ధంలో పీనెముండే సంగతే చాలు. 1943లో జర్మనీ తీరంలోని ఆ చోటు ఫోటోల్లో బ్రిటిష్ వాయుసేనలో పనిచేసే కాన్‌స్టెన్స్ బాబింగ్‌టన్ స్మిత్ ఒక ర్యాంప్ మీద బుల్లి విమానం ఆకారాన్ని పట్టుకుంది. ఆకారం విమానమే, కానీ మనిషి కూర్చుని నడిపే విమానాల ముందు మరీ చిన్నది, పైగా ఉన్నది రన్‌వే మీద కాదు, వాలుగా కట్టిన ర్యాంప్ మీద. తర్వాత లండన్ మీద పడిన వి-1 బాంబు అదే. ఆకారం ఒకటి చెప్పింది, సైజు ఉన్న చోటు కలిసి ఇంకోటి చెప్పాయి, ఆమె ఆ రెంటినీ వదల్లేదు.

నీడని చాలామంది ఫోటోకి పట్టిన మచ్చ అనుకుంటారు, నిజానికి పక్కనుంచి చూసే మన పాత చూపుని ఫోటోలో తిరిగి ఇచ్చేది నీడ ఒక్కటే. పైనుంచి చూస్తే సెల్ టవర్ ఒక చుక్క, నీడ చూస్తే అల్లికతో సహా టవర్. వాటర్ ట్యాంకు పైనుంచి గుండ్రటి మూత, నీడలో స్తంభాలతో నిలబడిన ట్యాంకు. ఎత్తు కూడా లెక్కకట్టొచ్చు, చదును నేల మీద 8 మీటర్ల కరెంటు స్తంభం నీడ 6 మీటర్లు ఉంటే, అదే ఫోటోలో 12 మీటర్ల నీడ ఉన్న తాటిచెట్టు 16 మీటర్ల ఎత్తన్నమాట. కాకపోతే మన అక్షాంశం సుమారు 18 డిగ్రీలు, కాబట్టి మే మధ్యలో ఒకసారి, జులై చివర్లో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీదకి వచ్చేస్తాడు, నీడ కాళ్ళ కిందే ఉండిపోతుంది, ఆ రెండింటి మధ్య రోజుల్లో మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా ఏడాదంతా ఉత్తరానికే. ఫోటో మీద దిక్కు రాసి లేనప్పుడు నీడ చూసి ఉత్తరం అనేసుకునేముందు ఇది గుర్తుండాలి.

నీడతో ఇంకో తిప్పలుంది. మ్యాప్ అలవాటు ప్రకారం ఉత్తరం పైకి పెట్టి కొండల ఫోటో చూస్తే నీడలు చూసేవాళ్ళకి దూరంగా పడతాయి, అప్పుడు చాలామంది కంటికి కొండ గొయ్యిలా, గెడ్డ (వాగు) గట్టులా తిరగబడి కనిపిస్తుంది. వెలుగు పైనుంచి వస్తుందని మన మెదడు ముందే అనుకోవడం వల్ల వచ్చే భ్రమ ఇది. సీతంపేట కొండల్నో రామతీర్థం కొండనో ఫోన్ లో చూస్తూ ఏదో తేడాగా అనిపిస్తే ఫోన్ ని తలకిందులు చెయ్యాలి, నీడలు మన వైపు పడేలా. వెంటనే కొండ కొండలా లేచి నిలబడుతుంది.

కొండలున్న చోట ఇంకో పేచీ కూడా ఉంది. ఫోటో మధ్యలో ఉన్నది మాత్రమే నిజంగా పైనుంచి చూసినట్టు వస్తుంది, అంచులకి పోయేకొద్దీ ఎత్తైనవన్నీ మధ్యనుంచి బయటికి వాలిపోతాయి. ఎంత వాలతాయంటే, 1500 మీటర్ల ఎత్తునుంచి తీసిన ఫోటోలో మధ్యకి 8 సెంటీమీటర్ల దూరంలో 150 మీటర్ల కొండ ఉంటే దాని శిఖరం 8 మిల్లీమీటర్లు పక్కకి జరిగిపోతుంది, నేల మీద చూస్తే దాదాపు 80 మీటర్ల తేడా. ఆ ఫోటో మీదే స్కేలు పెట్టి కొండ మీద పోడు భూమి కొలిచేస్తే ఆ కొలతకి విలువ లేదు. దీన్ని సరిచేసి, ప్రతి బిందువునీ దాని చోటికి తెచ్చి పెట్టిన ఫోటోనే ఆర్థో ఫోటో అంటారు, రీసర్వేలో ఓఆర్ఐ అని వినబడేది అదే. అయితే ఈ జరగడమే ఒక రకంగా వరం కూడా, విమానం పోతూపోతూ ఒక్కో ఫోటోలో ముందు ఫోటోలోని 60 శాతం నేలని మళ్ళీ తీస్తుంది కాబట్టి ఒకే కొండ రెండు ఫోటోల్లో రెండు రకాలుగా వాలి ఉంటుంది, ఆ రెండింటినీ స్టీరియోస్కోప్ కింద పెట్టి ఒక్కో కన్నుతో ఒక్కోటి చూస్తే నేల ఎత్తుపల్లాలతో సహా లేచి వస్తుంది. అసలు కన్నా నిటారుగా కనిపిస్తుంది, అది లెక్కలో పెట్టుకోవాలి.

తోటల్ని చదవడం ఈ రెండు జిల్లాల్లో అన్నిటికన్నా ఇష్టంగా చెయ్యదగ్గ పని. ఇక్కడ పనికొచ్చేది టెక్స్చర్, అంటే విడివిడిగా లెక్కపెట్టలేనంత చిన్నవన్నీ కలిసి ఇచ్చే గరుకుదనం. పలాస చుట్టూ జీడితోటలు పైనుంచి గొంగడి పరిచినట్టుంటాయి, గుండ్రటి తలలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, వరసలు కూడా సరిగ్గా తెలియకుండా. పూసపాటిరేగ, భోగాపురం వైపు ఇసుక నేలల్లో సరుగుడు తోట మాత్రం సన్నటి, ఒత్తైన టెక్స్చర్, అంచులు కత్తిరించినట్టు తిన్నగా, నరికిన ముక్క పక్కనే పెరుగుతున్న ముక్క. మామిడితోటలో పెద్ద తలలు, మధ్యలో నేల కనబడే ఖాళీ, వరసలు ఖచ్చితం. కొబ్బరి ఒక్కటే దేనితోనూ కలవదు, మట్టలు నాలుగు వైపులా విచ్చుకున్న నక్షత్రం ఆకారం.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరికి ఏమైందో శ్రీకాకుళం జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. అలాంటి తుపాను తర్వాత తీసిన ఫోటోని ఎలా చదవాలో ఆలోచిస్తే ఈ గుర్తులన్నీ ఎందుకో బాగా తెలుస్తుంది. వేళ్ళతో పడిపోయిన చెట్టుకి నక్షత్రం ఒక పక్కకి జరిగి, దానికి తోకలా మాను గీత పడుకుని ఉంటుంది. ఒక తోటలో గీతలన్నీ ఒకే వైపు ఉంటే అక్కడ గాలి ఎటు తోసిందో ఆ గీతలే చెప్తాయి. మొవ్వు విరిగిపోయి మాను మాత్రం నిలబడిన చెట్టు ఇంకా కష్టం, పైనుంచి చుక్క కూడా సరిగ్గా కనబడదు, కానీ నేల మీద తల లేని సన్నటి నీడ ఉంటుంది, ఆ నీడల్నే లెక్కపెట్టాలి. పడలేదు, విరగలేదు కానీ మొవ్వు పీక్కుపోయి కొన్ని నెలలకి చచ్చిపోయే చెట్టు మరి? అది మామూలు ఫోటోలో వారం రోజుల్లో కనబడదు. అందుకే పరిహారం లెక్కకి ఒక్క ఫోటో చాలదు, తుపానుకి ముందుది, వెంటనే తీసింది, కొన్ని నెలలాగి తీసింది, మూడూ ఉండాలి.

ఇలాంటి చోట ఇన్‌ఫ్రారెడ్ పనికొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని గట్టిగా వెనక్కి కొడుతుంది, చెట్టు నీరసిస్తే అది తగ్గుతుంది. ఇన్‌ఫ్రారెడ్ కలర్ ఫిల్మ్ మీద మంచి చెట్టు ఎర్రగా, జబ్బు చెట్టు వెలిసిపోయి కనిపిస్తుంది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్ (దూరంనుంచే నేలని పరిశీలించే విద్య) మొదలైందే ఒక కొబ్బరి జబ్బుతో, 1970లో శాస్త్రవేత్త ప్రొఫెసర్ పిషారోటీ బృందం కేరళలో హెలికాప్టర్ నుంచి ఈ ఫిల్మ్ తో కొబ్బరితోటల్ని తీసి తెగులు పట్టిన చెట్లని గుర్తించింది. ఉద్దానం లాంటి కొబ్బరి సీమకి ఆ పద్ధతి ఎప్పటికప్పుడు అందుబాటులో ఉండాలి.

ప్యాటర్న్ గురించి, అంటే గీతలూ గళ్ళూ ఏ తీరులో అమరాయనే దాని గురించి, ఒకటి రెండు మాటలు. రోడ్డు, రైలు రెండూ పొడుగు గీతలే, కానీ రైలు ఎప్పుడూ ఒక్కసారిగా తిరగదు, పొందూరు చీపురుపల్లి మధ్య లైను చూస్తే వంపులన్నీ పొడుగ్గా మెల్లగా ఉంటాయి, పక్కనున్న ఊరి రోడ్డు చెరువు గట్టెక్కి మూల తిరిగి పోతుంది. నది పాత దారులు కూడా ప్యాటర్న్ తోనే దొరుకుతాయి, వంశధార పక్క పొలాల్లో గట్లు ఉన్నట్టుండి వంపు తిరిగి, ఆ వంపంతా మట్టి రంగు వేరుగా ఉంటే అది ఒకప్పుడు ఏరు పారిన దారి అయ్యుండొచ్చు, వరదొస్తే నీరు ముందు వెతుక్కునేది అలాంటి పల్లాన్నే. ఇళ్ళ ప్లాట్లు వేసేముందు ఇది చూడకపోవడం ఘోరం. కొండ రాతి నేలలో గెడ్డ చాలా దూరం గీత గీసినట్టు తిన్నగా పోతుంటే, ఆ గీత మీదే చెట్లు కూడా పచ్చగా ఉంటే, కింద రాతిలో పగులు ఉందని అనుమానించాలి, బోరు కోసం నీటి జాడ వెతికే జియాలజిస్టులు మొదట చూసే గుర్తుల్లో అదొకటి.

ఇప్పుడు రీసర్వే దగ్గరికి. 2020 డిసెంబర్ లో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్ ఫోటోలనుంచి తయారైన ఓఆర్ఐ మీద హద్దులు గీసే పద్ధతి వచ్చింది. డ్రోన్ ఫోటోలో ఒక్కో పిక్సెల్ నేల మీద 5 సెంటీమీటర్లు అనుకుంటే 30 సెంటీమీటర్ల గట్టు ఆరు పిక్సెళ్ళ వెడల్పున స్పష్టంగా వస్తుంది, చాలా మంచి సంగతే. కానీ ఫోటో చూపించేది గట్టు ఎక్కడుందో, ఎవరిదో కాదు. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్న చోట హద్దు ఉంటుంది గట్టుండదు, నీరు పెట్టుకోవడానికి ఒకే కమతంలో అడ్డంగా వేసుకున్న చోట గట్టుంటుంది హద్దుండదు. పక్క రైతు ఏడాదికి జానెడు చొప్పున జరిపిన గట్టు కూడా ఫోటోలో అసలు గట్టంత శుభ్రంగానే కనిపిస్తుంది. అందుకని ఫోటో మీద గీసిన ప్రతి గీతనీ పాత ఎఫ్ఎంబీతో (సర్వే కొలతల పుస్తకంతో) పోల్చి, ఇద్దరు రైతుల్నీ నిలబెట్టి చూపించి, అప్పుడే ఖాయం చెయ్యాలి. ఫోటో చదివేవాళ్ళు దీన్ని గ్రౌండ్ ట్రూత్ అంటారు, ఆఫీసులో తేల్చుకున్నది నేల మీదకి వెళ్ళి సరిచూసుకోవడం. ఇది చివర్లో వీలుంటే చేసే పని కాదు, చదవడంలో సగం ఇదే.

ఫోటో అసలే పనిచెయ్యని చోట్లు కూడా ఉన్నాయి. జీడి, కొబ్బరి కలిసి దట్టంగా ఉన్న ఉద్దానం తోటల్లో ఆకుల కింద గట్టు ఏ ఎత్తునుంచి తీసినా కనబడదు, కంచె కనబడదు, హద్దురాయి అసలే కనబడదు. అక్కడ ఊహించి గీత గీయడం కన్నా ఆ ముక్కని ఖాళీగా వదిలేసి "ఫోటోలో తెలియడం లేదు" అని రాసుకోవడమే సరైన చదువు. ఆ తర్వాత శాటిలైట్ సిగ్నల్ తో చోటు కొలిచే రోవర్ పట్టుకుని, ఆ తోటల హద్దులు తెలిసిన పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని, చెట్ల సందుల్లో శాటిలైట్ సిగ్నల్ దొరికే చోటు చూసుకుంటూ, ఒక్కో మూలా నడిచి పట్టుకోవాల్సిందే.